అరవై నాలుగు వరసలు

పది దాటి నాలుగు నిమిషాలైంది. పార్కు సూపరింటెండెంటు గారు పదకొండింటికి వస్తానన్నారు, ఆయన చెప్పిన టైముకి ఐదు నిమిషాలు ముందే గుమ్మంలో నిలబడే రకం కాబట్టి ఇంకా యాభై ఒక్క నిమిషాలు, అన్ని నిమిషాలూ నేను ఈ కిటికీ పక్క కుర్చీలో బుద్ధిగా కూర్చోవాలి, జుట్టు చెదరకూడదు, చెమట పట్టకూడదు, ముఖ్యంగా చేతులు వణక్కూడదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరగాలని ఉంది, కానీ ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిస్తే చాలు మోకాళ్ళు బేరాలు మొదలుపెడతాయి, అందుకని తిరుగుడంతా బుర్రలోనే. ఒళ్ళో ముదురాకుపచ్చ ఊలు. మా ఆయనకి చేతుల్లేని స్వెట్టరు, అందులో వెనక ముక్క, నిన్నటికి అరవై నాలుగు వరసలు. బస్సు నడిపేవాడి వీపు రోజంతా సీటుకే అంటుకుని ఉంటుంది, వెనక ముక్క ఎవరు చూడొచ్చారు, ముందుది మొదలుపెట్టకపోయావా అన్నారాయన. తప్పులన్నీ వెనక్కి పోతాయని అన్నాను. తప్పులు రాలేదు. మొదట్లో ఒక బెత్తెడు వంకరటింకరగా వచ్చినా తర్వాత అంతా నున్నగా, సమంగా, బడిలో పిల్లల వరసలా వచ్చింది. ఈ ముక్క చూస్తే సూపరింటెండెంటు గారు, ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగు ఉంటుంది కాబట్టి మేమంతా చాటుగా గొడుగు గారు అంటాం, ఆయన ఇంకేమీ అడగరు. నన్ను నారు బల్ల దగ్గరికి మళ్ళీ రానిస్తారు.

నారు బల్ల అంటే పార్కు వెనక గాజు గదిలో ఉండే పొడుగాటి చెక్క బల్ల. వసంతంలో పూల ప్రదర్శనకి వచ్చే జనం దాన్ని ఎప్పుడూ చూడరు. వాళ్ళు చూసేది నేలంతా పరిచిన పిటూనియాలు, గుండ్రటి మళ్ళల్లో పాన్సీలు, మెట్ల పొడుగునా డయాంథస్, ఫోటోలు దిగుతారు, పిల్లల్ని ముందు నిలబెట్టి నవ్వమంటారు, వెళ్ళేటప్పుడు ఒక పువ్వు తెంపుకుని జేబులో దాచుకుంటారు. ఆ పూలన్నీ తొమ్మిది వారాల ముందు ఆ బల్ల మీద గోరంత మొలకలు. పిటూనియా విత్తనం నలుసంత ఉంటుంది, పక్కన ఎవరైనా తుమ్మితే ఒక మడి పోయినట్టే. ట్రేలో గుంపుగా మొలుస్తాయి, రెండాకులు విచ్చగానే ఒక్కోదాన్నీ సన్నటి పుల్లతో లేపి, ఆకు పట్టుకుని, కాడ కాదు, ఆకు, ఇంకో ట్రేలో గదికొకటి చొప్పున నాటాలి. కాడ నలిగిన మొలక వెంటనే చావదు, అదే దాని దుర్మార్గం, మూడు రోజులు పచ్చగా నిలబడి మనల్ని నమ్మించి నాలుగో రోజు వాలిపోతుంది. అలాంటివి పన్నెండు వేలు. పంతొమ్మిదేళ్ళుగా ఆ పని నాది. ఎంత ఒత్తాలో నాకు తెలియదు, వేలికి తెలుసు, ఎలా చేస్తావని ఎవరైనా అడిగితే వేలినే అడగండి అనేదాన్ని, ఎంత పొగరు. సోమవారం నుంచి నారు తీయాలి, ఇవాళ శుక్రవారం, ఎవరు బల్ల దగ్గర, ఎవరు టికెట్ల గదిలో అన్న జాబితా గొడుగు గారు ఇవాళే రాయాలి. "చేయగలనంటే సరిపోదమ్మా, మీ చేతులు చూడాలి," అన్నారు ఫోన్లో, "స్వెట్టరు అల్లుతున్నారట కదా, మీ ఆయన చెప్పారు, అది చూపించండి చాలు." టికెట్ల గది చెడ్డదేం కాదు, ఫ్యాను ఉంటుంది, కుర్చీకి మెత్త ఉంటుంది, చిన్న కిటికీలోంచి రోజంతా ఎవరెవరివో చేతులు లోపలికి వచ్చి పోతుంటాయి. ఒంట్లో బాగాలేదని అందులోకి వెళ్ళినవాళ్ళు గాజు గదికి తిరిగొచ్చిన దాఖలా మాత్రం లేదు.

పది పదకొండు. వంటగదిలో గిన్నెలు చప్పుడవుతున్నాయి, వదిన. కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతుంది, నేను గమనించనట్టు ఊరుకుంటాను. జబ్బు చలికాలం మొదట్లో వచ్చింది. మూడు రోజులు జ్వరం, తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం, ఆ తర్వాత కాలివేళ్ళ మీద చీమలు పాకుతున్నట్టు, తర్వాత కోటు గుండీ పెట్టుకోలేకపోవడం, ఒక పొద్దున గ్లాసు చేతిలోంచి జారిపోయింది, జారిందని పగిలిన చప్పుడు వింటే గానీ తెలియలేదు. ఒంటికి కాపలా కాయాల్సినవే ఒంటి మీద తిరగబడి నరాల్ని తినేశాయని డాక్టరు చెప్పాడు, కుర్ర డాక్టరు, చెవులు ఎర్రగా, చెడ్డ మాట చెప్పేటప్పుడల్లా ఆ చెవులు ఇంకా ఎరుపెక్కేవి, అందుకని ఆయన నోరు తెరవకముందే నాకు సంగతి తెలిసిపోయేది. నలభై ఒక్క రోజులు ఆసుపత్రిలో. కళ్ళు కూడా చెడి ఒక నర్సు ఇద్దరు నర్సులుగా కనపడేది, ఏ నోటి వైపు చూసి మాట్లాడాలో తెలిసేది కాదు. నరం రోజుకి ఒక మిల్లీమీటరు పెరుగుతుందమ్మా, ఓపిక పట్టాలి, వేళ్ళ కొసల్లో స్పర్శ అన్నిటికంటే ఆఖర్న వస్తుంది అన్నాడు. నేను నవ్వాను, అప్పటికి మూతి ఒక పక్కే కదిలేది, సగం నవ్వు. రోజుకి మిల్లీమీటరా, అంత బద్ధకంగా పెరిగేదాన్ని మేం పీకి ఎరువులో కలిపేస్తాం డాక్టరు గారూ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

వదిన అంటే మా ఆయనకి అక్క. ముప్ఫై ఒక్కేళ్ళు బడిలో కుట్లు, అల్లికల టీచరు. పది రోజులుండి పోతానని ఒకే ఒక పెట్టెతో వచ్చింది, ఇప్పుడు మా అలమారాలో రెండు అరలు ఆవిడవి. నాకు తినిపించింది, తల దువ్వింది, నన్ను లేపి నిలబెట్టింది, ఇంకా చెప్పుకోలేనివీ చేసింది, అన్నీ చేస్తూ నోటితో మాత్రం ఒక్క మెత్తటి మాట అనలేదు, అదే మంచిదైంది, మెత్తగా మాట్లాడితే పోతున్నానని భయపడేదాన్ని. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి వేళ్ళకి పని కావాలి, అల్లిక మొదలుపెట్టండి అన్నప్పుడు అందరికంటే ముందు కంగారు పడింది వదినే. "అది అల్లేది అల్లికేనా? చూస్తే నీకే జ్వరం వస్తుందమ్మా," అంది ఆ పిల్లతో. పాత గొడవ అది. నాకు అల్లిక నేర్పింది మా అమ్మ, ఆవిడ ఊలుని సూది చుట్టూ అందరూ తిప్పే వైపు కాకుండా అవతలి వైపు నుంచి తిప్పేది, నేనూ అంతే, దానివల్ల ప్రతి కుట్టూ మెలి తిరిగి కూర్చుంటుంది. పెళ్ళైన కొత్తలో నేను అల్లిన మఫ్లరు చూసి వదిన కళ్ళజోడు సవరించుకుని, "ఏమిటమ్మాయ్ ఇది, కుట్లన్నీ ఒంటేలికి వెళ్ళాల్సిన పిల్లల్లా కాళ్ళు మెలేసుకున్నాయి," అంది, అందరి ముందూ. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి పంతం పట్టి ఇరవై మూడేళ్ళుగా మెలేస్తూనే ఉన్నాను. సరిగ్గా తిప్పడం రాక కాదు. ఇప్పుడు రాదేమో, చేయి అటే వెళుతుంది.

పది ఇరవై. కింద వీధిలో బండి ఆగింది, మన పార్కు బండే, ఆకుపచ్చ తలుపులు. ఈ మూడో అంతస్తు కిటికీలోంచి నాలుగు వీధులు కలిసే చోట గుండ్రటి మడి కనపడుతుంది, ప్రదర్శన ముందు ఊరంతా ఇలాంటి మళ్ళల్లో పాన్సీలు నాటతారు, జనానికి వసంతం వస్తోందని తెలియాలని. దిగారు, ఒకరు, ఇద్దరు, ఆ పొడుగాటివాడు మన పొడుగు తోటమాలే, వంగినప్పుడు కూడా మిగతావాళ్ళంత ఎత్తుంటాడు. మంచివాడు, వారానికో కుండీ పంపిస్తాడు నాకు, ఈ కిటికీ అంచు నిండా వాడు పంపినవే, పసుపువీ ఊదావీ, ఒక్క దానికీ మొదటి మొగ్గ గిల్లలేదు. మొదటి మొగ్గ గిల్లితే మొక్క గుబురుగా వస్తుందిరా అని ఎన్నేళ్ళు మొత్తుకున్నాను, పాపం అనిపిస్తుందక్కా అంటాడు, పాపం అనిపించి అన్నిటినీ పుల్లల్లా పెంచుతాడు. గిల్లుదామని నాలుగుసార్లు చేయి చాచాను, వేళ్ళు మొగ్గ దగ్గరికి వెళ్ళాయో లేదో వేళ్ళు నాకు చెప్పవు. అదిగో, మధ్యలోంచి కాకుండా అంచు నుంచి నాటుతున్నాడు! అంచు నుంచి మొదలుపెడితే మధ్యకి ఎలా వెళతాడు, నాటినవాటినే తొక్కుకుంటూ వెళ్ళాలి, ఒరేయ్, అద్దం కొట్టాను, ఈ బస్సుల హోరులో ఎవడికి వినపడుతుంది, వాడి బూటు ఎక్కడ పడుతోందో సరిగ్గా కనపడి చావడం లేదు. కళ్ళజోడు. నిన్న సాయంత్రం కొత్త కళ్ళజోడు వచ్చింది కదా. రెండు నెలల కిందటే డాక్టరు రాసిచ్చాడు, అంత తొందరేముంది, చూపు ఇంకా మారుతుందేమో, ఆగుదాం అంటూ వచ్చింది వదినే, నిన్న మా ఆయన విసుగొచ్చి తెచ్చేశారు. ముక్కు మీద ఒత్తుతుందని తీసి బల్ల మీద పెట్టాను. పెట్టుకున్నాను. అబ్బ. బూటు పడింది సరిగ్గా ఊదా పాన్సీ మీదే, బూటు తాడు ఊడి వేలాడటం కూడా కనపడుతోంది, అవతలి మేడ మీద ఆరేసిన దుప్పటి గళ్ళు కనపడుతున్నాయి, ఎవరో ఇల్లు మారుతున్నట్టున్నారు, అటకమీది వస్తువులన్నీ వీధిలో. లోకానికి మళ్ళీ అంచులొచ్చాయి. సంతోషంతో ఒళ్ళోకి చూసుకున్నాను.

మొదట ఏమీ అనిపించలేదు. బాగుంది అనుకున్నాను, ఎంత బాగుందో అనుకున్నాను. కుట్టు మీద కుట్టు, ఒక్కటి పొల్లు పోకుండా, విచ్చుకుని, రెండు కాళ్ళూ తిన్నగా చాపుకుని. తిన్నగా. ముక్కని వెలుగుకి తిప్పాను. కింద, మొదట్లో, బొంతలా ఉన్న ఆ బెత్తెడు లోపే మెలి తిరిగిన కుట్లు, కొన్ని వేలు దూరేంత, కొన్ని బిగుసుకుపోయి, కానీ అన్నీ మెలి తిరిగినవే, మా అమ్మవే, నావే. వాటి పైన గీత గీసినట్టు అంతా తిన్నటి కుట్లు. నేను తిన్నటి కుట్టు వేయను. వేయమన్నా పడదు. అప్పుడు గుర్తొచ్చింది. బడి ప్రదర్శన కథ చెప్పింది ఒకసారి వదిన, గొప్పగానే చెప్పింది, ఏడాది చివర బడిలో అల్లికలన్నీ గోడకి తగిలించేవాళ్ళట, దానికి వారం ముందు నలభై మంది పిల్లలవీ ఇంటికి మోసుకొచ్చి తప్పులన్నీ విప్పి తనే అల్లేసేదట, ఏ తల్లికీ తెలియదు, పిల్లలకి కూడా తెలియదు, ప్రతి పిల్లా తనే అల్లిందనుకునేది. మందు వేసుకుని మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతాను నేను, రోజూ. ఊలు బుట్ట ఎప్పుడూ ఆవిడ కుర్చీ పక్కనే ఉంటుంది. లేచి లెక్క పెడితే నేను వదిలేసిన వరసలు వదిలేసినట్టే ఉండేవి. జీవితమంతా పూల మధ్య గడిపిన మనిషిని, నా చెవిలోనే పువ్వు పెట్టింది.

పది ముప్ఫై రెండు. ఎవరికి తెలుస్తుంది? గొడుగు గారికి మెలిక ఏదో తిన్ననిది ఏదో తెలియదు, ఆయనకి తెలిసింది ఫైళ్ళు. ఈ ముక్క చూపిస్తాను, ఆయన తల ఊపుతారు, జాబితాలో రాస్తారు, సోమవారం ఎనిమిదింటికి గాజు గది తలుపు తోస్తే ఆ తడిమట్టి వేడి మొహానికి తగులుతుంది, నాలుగు నెలలుగా దానికోసమే కదా, మాత్రలు మింగింది, రబ్బరు బంతి పిసికింది, మెట్లెక్కి దిగింది. వదిన చేసిన మోసమే, నేనేం అడిగానా, నాకు తెలియదనుకుంటే సరి, కళ్ళజోడు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టేస్తే సరి. తీయలేదు. పొడుగు తోటమాలి పంపిన కుండీల్లో ఒకదాని మొదట్లో విత్తనం రాలి మొలిచిన బుల్లి మొలకలు నాలుగున్నాయి, ఒక్కోటి రెండాకులు. అల్లిక సూది తీసుకుని ఒక మొలక పక్కన మట్టిలో గుచ్చాను, లేపాను, అది లేచింది, వేళ్ళతో ఆకు పట్టుకున్నాను, పట్టుకున్నాననే అనుకున్నాను. చూస్తే బొటనవేలి మీద పచ్చటి తడి. ఆకు లేదు, కాడ లేదు. రెండోది, ఊపిరి బిగబట్టి, ఇంకా మెల్లగా, పట్టుకున్నట్టే లేదు, జారి నేలమీద పడింది. మూడోదాని కాడ నా రెండు వేళ్ళ మధ్య దారంలా నలగడం కళ్ళతో చూస్తున్నాను, వేలికి ఏమీ తెలియడం లేదు, ఇంకెవరి వేలో చూస్తున్నట్టుంది. ఏడుపు రాలేదు, భయం వేసింది. పన్నెండు వేలు. మూడు రోజులు పచ్చగా నిలబడతాయి, నాలుగో రోజు గాజు గది మొత్తం పడుకుంటుంది. నాలుగో మొలక జోలికి వెళ్ళలేదు.

"వదినా, ఒకసారి ఇటు రండి."

"టీ పొంగుతోందమ్మాయ్."

"పొంగనివ్వండి."

వచ్చింది, చేతులు తుడుచుకుంటూ. నా ముక్కు మీద కళ్ళజోడు చూసింది, వెలుగుకి తిప్పి పట్టుకున్న ముక్క చూసింది, గుమ్మంలోనే ఆగిపోయింది. ముప్ఫై ఒక్కేళ్ళు కాపీ కొట్టే పిల్లల్ని పట్టుకున్న మనిషి, పట్టుబడితే మొహం ఎలా పెట్టాలో ఆవిడకి తెలియలేదు. "ఎన్నో వరస నుంచి?" అన్నాను. అబద్ధం ఆడుతుందనుకున్నాను, ఆడి ఉంటే నేనూ నమ్మినట్టు నటించేదాన్నేమో. "పంతొమ్మిది," అంది. "మొదటి పద్దెనిమిదీ నీవే. వాటి మీద చేయి వేయలేదు, ఒట్టు."

"ఎందుకు చేశారు?"

"ఎందుకేమిటి? ఆ రోజు సూదులు గోడకేసి కొట్టి ఏమన్నావు? ఈ చేతులతో బతకడం కంటే ఆ జ్వరంలో పోయినా బాగుండేది అన్నావా లేదా? మా తమ్ముడు గుమ్మంలో నిలబడి విన్నాడు. నువ్వు పడుకున్నాక తీసి చూశాను. పంతొమ్మిదో వరసలో సగం కుట్లు జారిపోయి ఉన్నాయి. అలాంటిది చూస్తూ ఎలా ఊరుకోను? సరిచేశాను. సాయంత్రం లేచి దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, వదినా, ఇది నేనేనా అల్లింది అన్నావు. ఆ పూట అడిగి మరీ రొట్టె తిన్నావు. మర్నాడు గోడ పట్టుకోకుండా నడిచావు. ఇక ఎలా ఆపమంటావు?"

నిజమే. మర్నాడు నడిచాను. వేళ్ళు బాగుపడుతున్నాయి, ఇక కాళ్ళెంత అనుకుని నడిచాను. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, చాలా కోపం, చెంపలు మండేంత, దాంతోపాటే ఆవిడ రోజూ రెండు గంటలు నా నిద్ర పక్కన కూర్చుని, నేను కదిలితే ఊలు దాచుకుంటూ, నేను వేసినన్నే వరసలు లెక్కపెట్టి మళ్ళీ అల్లడం కళ్ళకి కట్టింది. అన్నిట్లోనూ వేలు పెట్టే మనిషి, చివరికి నా వేళ్ళల్లో కూడా పెట్టింది. ఇవన్నీ అందామనుకుని వేరేది అన్నాను. "అంత చేసినవాళ్ళు నాలాగే మెలేసి ఉంటే పోయేదిగా, జన్మలో తెలిసేది కాదు నాకు."

"ప్రయత్నించానమ్మా," అంది వదిన, నిజంగా సిగ్గుపడుతూ. "నాలుగు వరసలు విప్పి విప్పి అల్లాను. చేతకాలేదు. నా చేయి తప్పు వైపు తిరగదు."

నవ్వొచ్చింది. నవ్వుతూనే సూది లాగేసి ఊలు కొస పట్టుకుని లాగాను. వదిన అయ్యో అంటూ ముందుకొచ్చింది, "ఆయన వచ్చే వేళ, పిచ్చా నీకు, ఇవాళ్టికి చూపించు, తర్వాత చూసుకుందాం," అంటూనే ఉంది, వరసలు జరజరా విడిపోతున్నాయి, అరవై, యాభై, ఇంత తేలిగ్గా పోతాయా, నా నాలుగు నెలలు కావు కదా అందుకే, నలభై, ముప్ఫై, ఊలు ఉంగరాలు తిరుగుతూ కాళ్ళ మీద పడుతోంది. పంతొమ్మిది దగ్గర ఆగాను. కుట్లు మళ్ళీ సూదికెక్కించడం నా వల్ల కాలేదు, రెండు జారిపోయాయి, వదిన నా చేతిలోంచి తీసుకుని ఎక్కించి ఇచ్చింది. నేను వద్దనలేదు. వంటగదిలో టీ మాడిన వాసన. గంట మోగింది, పదకొండుకి ఐదు నిమిషాలు.

గొడుగు గారు గొడుగుని గోడకి ఆనించి, అది జారితే మళ్ళీ ఆనించి, కుర్చీ అంచు మీద కూర్చున్నారు. చిక్కిపోయారమ్మా అన్నారు, కళ్ళజోడు బాగుంది అన్నారు, పొడుగు తోటమాలి పంపిన పాన్సీలు చూసి ఇవేంటి ఇలా పుల్లల్లా ఉన్నాయన్నారు, మర్యాద మాటలన్నీ అయిపోయాక జేబులోంచి జాబితా తీసి మోకాలి మీద పరుచుకున్నారు. "ఏదమ్మా స్వెట్టరు?" ఇచ్చాను. బెత్తెడు ముక్క, పద్దెనిమిది వరసలు, ఒక చోట బొటనవేలు దూరేంత కన్నం. ఆయన ఆ కన్నంలోంచి నన్ను చూసినంత పని చేశారు. "ఇంతేనా?"

"నాది ఇంతే."

"మీ ఆయన వెనక ముక్క దాదాపు అయిపోయిందన్నారే."

"అయింది. అది అల్లింది నేను కాదు," అన్నాను. "ఇందాక మొలకలు పట్టి చూశాను. మూడింటిలో ఒక్కటీ మిగల్లేదు. వేళ్ళకి ఇంకా తెలియడం లేదండీ." ఈ ఒక్క మాట చెప్పడానికి ఇన్ని నెలలు పట్టింది, చెప్పాక ఒళ్ళు తేలికవుతుందనుకున్నాను, అవలేదు, కుర్చీలోంచి కిందికి జారిపోతానేమో అనిపించి పిడికిళ్ళు బిగించాను. ఆయన కలం మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. "అయితే టికెట్ల గది రాయమంటారా?" అడగడం మెల్లగానే అడిగారు. రాయండి అనాలి. నోరు తెరిచాను కూడా. అప్పుడు వదిన కనపడింది, అటు తిరిగి నిలబడి, ఏడుపు మింగుతూ, నేను లాగిపారేసిన ఊలుని ఉండ చుడుతోంది, చూడకుండా చుడుతోంది, ఆ ఉంగరాల ఊలు ఆవిడ వేళ్ళ మధ్య ఎక్కడ బిగియాలో బిగుస్తూ ఎక్కడ వదలాలో వదులుతూ తిరుగుతోంది, వాటికి కళ్ళతో పనే లేదు. అలాంటి వేళ్ళు నాకు ఒకప్పుడు ఉండేవి.

"ఆవిడ చేతులు చూడండి," అన్నాను.

గొడుగు గారు చూశారు. వదిన చుట్టడం ఆపేసింది. "ఈవిడకి నారు పని వచ్చా?"

"రాదు. నాకొచ్చు. చేతులు ఆవిడవి, నోరు నాది. నోటికి ఏ జబ్బూ రాలేదండీ, కావాలంటే ఈ మేడలో ఎవర్నైనా అడగండి."

"నేనా?" అంది వదిన. "మట్టిలోనా? అందులో పురుగులుంటాయి, నాకు పడదు, అసలు నేను వచ్చే వారం మా ఇంటికి..."

"ముప్ఫై ఒక్కేళ్ళు పిల్లల పని దొంగతనంగా సరిచేశారు," అన్నాను, గొంతు వణికింది, వణకనిచ్చాను, "నాది కూడా చేశారు. ఈ ఒక్కటీ అందరూ చూస్తుండగా చేయండి వదినా. నా కోసం చేయండి. అవి చచ్చిపోతాయి." ఎప్పుడూ ఆవిడని ఏదీ బతిమాలలేదు నేను, నోట్లోకి చెంచా పెడుతున్నప్పుడు కూడా. ఆవిడ ఊలు ఉండ వైపు చూసుకుంది, గోళ్ళ వైపు చూసుకుంది. "గ్లౌజులిస్తారా?" అంది గొడుగు గారితో. "గ్లౌజులేసుకుంటే కాడ తెగుతుంది," అన్నాను నేను. "గోళ్ళు కత్తిరించుకోండి." ఆయన నవ్వకుండా జాబితా మీదకి వంగారు, సీజను పనివాళ్ళ కింద వదిన పేరు రాసుకున్నారు, నా పేరు దగ్గర చాలాసేపు కలం ఆగింది. "మిమ్మల్ని బల్ల దగ్గర అని రాయలేను, టికెట్ల గది అని ఇప్పుడు రాయను," అన్నారు. "బల్ల పక్కన ఒక స్టూలు కావాలని రాస్తాను. సోమవారం ఎనిమిదింటికి." వెళ్ళేటప్పుడు గొడుగు మర్చిపోయారు, మెట్ల మీంచి తిరిగొచ్చి తీసుకెళ్ళారు.

వదిన గోళ్ళ కత్తిరి కోసం వెతికింది, దొరికింది, కూర్చుని కత్తిరించుకుంది, ఒక్కో గోరూ అర్ధచంద్రంలా, సమంగా. నేను సూదులు తీసుకున్నాను. పంతొమ్మిదో వరస. మొదటి కుట్టు పడింది, మెలి తిరిగి, నాదే. రెండోది పడలేదు. మూడోది రెండు కుట్లని కలిపి మింగింది. వదిన చేయి గాల్లోకి లేచింది. "ముట్టుకోకండి," అన్నాను. "ముట్టుకోవడం లేదమ్మా," అంది, చేయి వెనక్కి తీసుకుంది, మళ్ళీ లేచింది, చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. నాలుగోది సాగదీసి ఉచ్చులా చేశాను, ఆవిడ పళ్ళు కొరకడం నాకు వినపడింది, మొహం తిప్పుకోలేదు, చూస్తూనే ఉంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా చూస్తూనే ఉంది. అంత బాధ పడుతూ కూడా కదలకుండా కూర్చున్న ఆవిడని చూస్తే జాలేసింది, అంతకంటే ఎక్కువగా భయమేసింది. సోమవారం ఆవిడ మొదటి మొలకని కాడ పట్టుకుని లేపుతుంది, నలిపేస్తుంది, రెండోదీ నలిపేస్తుంది, నేను ఆ స్టూలు మీద నా చేతుల మీద కూర్చుని చూడాలి.